ఇవాళ ఏ వారం?

ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక నిలబడి ఉద్యోగం చేసినవాణ్ణి. చీటీ చదవడం, మందు తీసి ఇవ్వడం కాలేజీలో నేర్పుతారు. ఆ మందు ఎలా వేసుకోవాలో నోటితో చెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. తెలుగువాడు తెలుగువాళ్ళకి తెలుగులో చెప్పడానికి నేర్పేదేముంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఫార్మసీ, నర్సింగు చదువుకుంటున్న పిల్లలెవరైనా ఇది చదివితే పనికొస్తుందని ఒక మామ్మ గారి సంగతి రాస్తున్నాను.

ఇందులో నేను చేసింది తక్కువ. చేసిన మనిషి నిరుడు పోయింది. ఆవిడ ఆ ఆసుపత్రిలోనే వార్డు సిస్టరు, ఇంట్లో నా భార్య. ఉండి ఉంటే ఇది రాయనిచ్చేది కాదు. "ఊరుకోండి, ఇదీ ఒక సంగతేనా?" అనేది.

మాది అమలాపురంలో చిన్న ఆసుపత్రి. ఎముకల డాక్టరు గారొకరు నడిపేవారు. బాత్రూములో జారో, గుమ్మం తట్టుకునో పడి తుంటి విరగ్గొట్టుకున్న ముసలివాళ్ళు మంచాల మీద ఎప్పుడూ ఉండేవారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. రక్తం పరీక్ష చేయిస్తే చాలామందికి డి విటమిన్ అడుగంటిపోయి ఉండేది. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. అది ముఖ్యంగా ఎండవల్ల వస్తుంది. "ఎండ అమ్ముకునేంత ఉంది కదయ్యా మనకి. వీళ్ళకెందుకు లేదూ?" అని డాక్టరు గారు నన్నడిగేవారు, నా దగ్గరేదో స్టాకున్నట్టు.

దానికి జవాబు మా ఆవిడ చెప్పింది. ఆమెది రాజోలు వైపు. వాళ్ళ అమ్మమ్మ, మేనత్తలు పరాయి చేలల్లో ఊడ్పులూ కోతలూ చేసి పిల్లల్ని చదివించినవాళ్ళు. ఆ పిల్లలు మాస్టర్లు, నర్సులు, గుమాస్తాలు అయ్యారు. ఉద్యోగం వచ్చిన కొడుకు మొట్టమొదట చేసే పని తల్లిని చేలోకి వెళ్ళొద్దనడం.

"మా ఇళ్ళల్లో ఎండంటే కూలి అండీ" అంది డాక్టరు గారితో. "తల్లి నీడ పట్టున కూర్చుందంటే కొడుకు పైకొచ్చేడని. ఇప్పుడు మీరెళ్ళి ఆవిణ్ణి ఎండలో కూర్చోబెట్టమంటే ఏ కొడుకు ఊరుకుంటాడు?"

పెద్ద రైతుల ఇళ్ళది మరో పద్ధతి. అక్కడ ఆడవాళ్ళు మొదటినుంచీ వసారా దాటింది తక్కువ. రెండు రకాల ఇళ్ళ నుంచీ మాకు విరిగిన తుంటి ఎముకలే వచ్చేవి. పైగా వయసు మీరిన చర్మం ఎండని అంతగా వాడుకోలేదని డాక్టరు గారు అనేవారు. అందుకని గోలీలు ఇవ్వడం మొదలుపెట్టాం.

నెలకోసారి ముగ్గురం అల్లవరం వైపు ఊళ్ళకి వెళ్ళేవాళ్ళం. చర్చి వరండాలోనో, బడిలోనో బల్లలు వేసుకుని కూర్చునేవాళ్ళం. డాక్టరు గారు చూసేవారు, మా ఆవిడ బీపీ, బరువు రాసేది, నేను మందులిచ్చేవాణ్ణి. ఆ గోలీ పెద్ద మోతాదుది. రోజూ వేసుకునేది కాదు. వారానికొకటి చొప్పున రెండు నెలలు, ఆ తరవాత నెలకొకటి. కవరు మీద పెద్ద అక్షరాలతో "వారం వారం ఒకటి" అని రాసేవాణ్ణి. డాక్టరు గారు చీటీ ఇస్తూ అదే మాట అనేవారు. మా ఆవిడ అదే మాట అనేది. కవరు చేతికిస్తూ నేనూ మళ్ళీ అదే అనేవాణ్ణి. ఇంతమందిమి చెబుతున్నాం కదా, పొరపాటుకి చోటెక్కడుంది అనుకున్నాం.

మా ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. రోగి మాట్లాడుతుంటే మధ్యలో లేచి వెళ్ళడం ఆమెకి చేతకాదు. చెప్పేది జబ్బు గురించి కాకపోయినా సరే, గేదె గురించైనా, కోడలి గురించైనా, మాట పూర్తయ్యేదాకా మంచం దగ్గరే నిలబడేది. అందువల్ల ఆమె వెంట రౌండ్సుకి వెళ్ళినవాళ్ళకి భోజనం ఆలస్యం. "సిస్టరు గారితో రౌండ్సంటే రాజోలు బస్సెక్కినట్టే, చెయ్యెత్తిన చోటల్లా ఆగుద్ది" అనేవారు ఎముకల డాక్టరు గారు. ఇంట్లో నేనూ విసుక్కునేవాణ్ణి. పుస్తకం చదువుకుంటూ ఆమె కోసం ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు విసుక్కోవడానికి ఏమీ లేదు.

ఆ మామ్మ గారు మొదటిసారి మా బల్ల దగ్గరికి వచ్చింది ఒక చర్చి వరండాలో. సన్నగా, పొడుగ్గా ఉండేది. మోకాళ్ళు, నడుము ఒకటే నొప్పులు. వెంట కొడుకు వచ్చాడు. సఖినేటిపల్లి వైపు హైస్కూల్లో మాస్టారు. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషి, తల్లి కోసం సెలవు పెట్టి వచ్చాడు.

నేనిచ్చిన కవరుని ఆవిడ కళ్ళకి దూరంగా పట్టుకుని చదివింది. "వారం. వారం. ఒకటి."

"చదువొచ్చే మామ్మ గారూ మీకు!" అన్నాను.

"ఆయ్. మా అబ్బాయితోబాటే దిద్దేనండీ. ఆడు పలక మీద రాత్తంటే నేను పొయ్యి కాడ బొగ్గుతో రాసేదాన్ని. ఆడు మేష్టారయ్యేడు, నాకు పొయ్యి మిగిలింది."

వరండా అంతా నవ్వింది. కొడుకు సిగ్గుపడ్డాడు. "స్త్రీల కూడికలో వాక్యం చదివేది మా అమ్మేనండీ" అన్నాడు మాతో. శుక్రవారాలు ఊళ్ళో ఆడవాళ్ళు ఒకరింట్లో చేరి ప్రార్థన చేసుకుంటారు. చదువుకున్న కోడళ్ళు ఎంతమంది ఉన్నా, బైబిలు చదవడం ఈవిడ వంతే.

డాక్టరు గారు కొడుకుతో, "పొద్దున్న పూట కాసేపు అమ్మని ఎండలో కూర్చోబెట్టు మాస్టారూ" అన్నారు.

"అది మాత్రం అనకండి డాక్టరు గారూ. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ ఎండలో మాడింది. ఇప్పుడు నా ఇంటి ముందు మా అమ్మ ఎండలో కూర్చుంటే ఊరేమంటుందండీ? ఉద్యోగం చేసే కొడుకుండి ఏం లాభం అనరా?"

"అయితే గోలీ మాత్రం తప్పకుండా వెయ్యాలి."

"ఒక్కటి తప్పనివ్వనండీ" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు.

మరుసటి నెల మేం వెళ్ళినప్పుడు ఆవిడ వచ్చింది. నొప్పులు తగ్గాయంది. "గోలీ వారం వారం వేసుకుంటున్నారా?" అని అడిగాను. "ఆయ్. ఒక్క వారం తప్పలేదండీ" అంది. డాక్టరు గారూ అడిగారు, అదే జవాబు. విరేచనం సాఫీగా కావడం లేదు, నోరెండిపోతోందంటే ఆ వయసులో మామూలేనని దానికో సిరప్పు ఇచ్చాం. గోలీల కవరు మళ్ళీ ఇచ్చాం. ఆ తరవాతి నెల ఆవిడ రాలేదు. రానివాళ్ళు ఎందుకు రాలేదో కనుక్కునే అలవాటు మాకప్పటికి లేదు.

కొన్నాళ్ళకి, ఒక సోమవారం, కొడుకు ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చాడు. వాంతులు. మనిషి సగమైపోయింది. కళ్ళు తెరిచి చూస్తోంది కానీ ఎవరినీ పోల్చుకోవడం లేదు. ఎముకల డాక్టరు గారు ఆ వారం ఊళ్ళో లేరు. కొత్తగా చేరిన కుర్ర డాక్టరు గారు చూశారు. మంచివారు, తెలివైనవారు. చిన్నప్పటినుంచీ ఇంగ్లీషు మీడియం కావడంతో తెలుగు కాస్త ఆలోచించుకుని మాట్లాడేవారు. రక్తంలో సుగరు, ఉప్పు, యూరియా పరీక్షలన్నీ చేయించారు. యూరియా ఎక్కువుంది. వాంతులవల్ల ఒంట్లో నీరు పోయిందని సెలైన్ పెట్టించారు.

"ఏమేం మందులు వాడుతున్నారు?" అని కొడుకుని అడిగారు.

"బీపీకి ఒకటండీ. ఇంకోటి ఇక్కడిచ్చిందే, ఎముకలకి."

"అది వారం వారం కదా?"

"ఆయ్, వారం వారం అండీ. ఒక్క వారం తప్పనివ్వదు మా అమ్మ."

నేను మందుల సంచీ విప్పి చూశాను. బీపీ మాత్రలు, మా సిరప్పు సీసా, ఒక ఖాళీ గోలీ అట్ట. అనుమానించడానికి ఏమీ లేదు.

రెండో రోజుకి వాంతులు తగ్గాయి. మాట మాత్రం తేరుకోలేదు. కొడుకు వరండాలో మా ఆవిడతో మాట్లాడుతుండగా నేను విన్నాను.

"ఈ మధ్య కుళాయి దగ్గర కూర్చుని చెంబులకి చెంబులు తాగేస్తోందండీ. లోపలికి రామ్మా అంటే, ఎవరబ్బాయివి నువ్వు అందండీ నన్ను."

"ఎన్నాళ్ళనించి బాబూ?"

"ముందు కూడికలో మొదలైందండీ. వాక్యం చదువుతా చదివిన వరసే మళ్ళీ చదివిందంట. మూడు వారాలు చూసి బైబిలు వేరేవాళ్ళకిచ్చేరు. మా అమ్మ ఇంటికొచ్చి కళ్ళజోడు తీసి బీరువాలో పెట్టేసింది. ఇప్పుడు గేటుకి తాళం వేసి బడికెళ్తున్నాను. నా తల్లికి నేను తాళం వేస్తున్నానండీ."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని మా ఆవిడ తరవాత అంది.

బుధవారం పొద్దున్న కుర్ర డాక్టరు గారు నిర్ణయానికి వచ్చేశారు. వాంతులు కట్టాయి, ఇంటికి పంపెయ్యొచ్చు. మిగిలింది వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు. మందు రాస్తాను, వీలైనప్పుడు కాకినాడలో మెదడు డాక్టరుకి చూపించుకోండి అన్నారు. కొడుకు సరేనన్నాడు. ఆటో కూడా పిలిచాడు. ఆ మందు గురించి అడగడానికే నన్ను వార్డులోకి పిలిచారు. అందుకే ఆ సమయానికి నేనక్కడ ఉన్నాను.

ఒక జబ్బు పేరు కాగితం మీద పడితే ఏమవుతుందో ఆసుపత్రిలో పని చేసినవాళ్ళకి తెలుసు. విరిగిన కాలు అని రాస్తే కాలుకి కట్టు కడతారు. మతి లేదు అని రాస్తే ఆ మనిషి ఇక ఏం చెప్పినా ఎవరూ వినరు. ఆ కాగితం రాసే ముందు డాక్టరు గారు పద్ధతి ప్రకారం అడగవలసినవి అడిగారు.

"అమ్మా, ఈరోజు డే ఏంటి?"

మామ్మ గారు ఆయన కోటు బొత్తాం వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఇది ఏ ఇయరు? ఏ మంత్?"

మామ్మ గారి చూపు బొత్తాం మీదే ఉంది.

"అలాగడిగితే నాకే తెలీదు డాక్టరు గారూ" అని మా ఆవిడ మంచం మీదికి వంగింది. "మామ్మ గారూ, ఇవాళ ఏ వారం?"

మామ్మ గారి పెదాలు కదిలాయి. "గోలీ ఏసుకోలేదు" అంది.

డాక్టరు గారు నా వైపు చూసి తలాడించారు. "చూశారా. అడిగింది ఒకటి, చెప్పేది ఒకటి." కలం తీశారు.

"ఉండండి డాక్టరు గారూ. ఆవిడ మాట ఇంకా అవలేదు."

"సిస్టర్, ఇంకా చాలామంది పేషెంట్లున్నారు."

"ఉంటారండీ. ఎక్కడికీ పోరు. మంచాల మీదే ఉన్నారు కదా."

ఆయన విసుక్కున్నారు కానీ కదల్లేదు. అందరం నిలబడ్డాం. కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. బయట ఆటో అతను హారన్ కొట్టాడు. మా ఆవిడ మంచం పట్టె మీద చెయ్యి వేసి మామ్మ గారి మొహంలోకి చూస్తూ ఉంది. తొందరపెట్టలేదు, మళ్ళీ అడగలేదు.

"సోమారం గోలీ ఏసుకున్నానండీ" అంది మామ్మ గారు, చాలాసేపటికి. "మంగళారం గోలీ ఇంటికాడ డబ్బాలో ఉండిపోయింది. బుధారం గోలీ..." ఆగింది. మళ్ళీ అందుకుంది. "ఇయాల బుధారం గదండీ. బుధారం గోలీ కూడా లేదు."

డాక్టరు గారు ఫోను తీసి చూసుకున్నారు. బుధవారమే.

"ఏ గోలీ మామ్మ గారూ?" అంది మా ఆవిడ.

"ఎముకల గోలీ అండీ. మీరే గదా వారం వారం ఒకటి ఏసుకోమన్నారు. ఇన్నాళ్ళూ ఒక్క వారం తప్పలేదు. ఇక్కడికొచ్చేకే తప్పిపోయింది." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మందు తప్పినందుకు మమ్మల్ని క్షమాపణ అడుగుతున్నట్టుంది ఆ మొహం.

మా ఆవిడ లేచి నా వైపు చూసింది. నాకు అప్పటికే అర్థమైంది.

సోమవారం ఒక వారం. మంగళవారం ఒక వారం. ఇవాళ ఏ వారం అని మనం రోజూ అడుగుతూనే ఉంటాం. వారం వారం ఒకటి అని రాసిచ్చిన కవరుని ఆవిడ రాసినది రాసినట్టు చదువుకుంది. వారం తప్పకుండా వేసుకుంటున్నారా అని మేం అడిగినప్పుడల్లా ఆవిడ నిజమే చెప్పింది. మా ప్రశ్నకి ఆవిడ జవాబు సరిగ్గా అతికింది. అందుకే ఎవరికీ పట్టుబడలేదు.

కొడుకు మొహం పాలిపోయింది. "వారం వారమనే అమ్మ చెప్పేదండీ నాకు... మీరెన్నిచ్చేరో నేను లెక్క చూళ్ళేదండీ. అవి అయిపోయేయంటే, మళ్ళీ మళ్ళీ అడగక్కర్లేకుండా మందుల షాపులో పెట్టె పళంగా కొనిచ్చేనండీ. ఏడాది వస్తాయనుకున్నాను. డబ్బా తన మంచం దగ్గరే పెట్టుకుంది. నేను మూత తీసి చూళ్ళేదండీ."

కుర్ర డాక్టరు గారు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. డి విటమిన్ అంతా ఒంట్లో పేరుకుపోతే రక్తంలో కాల్షియం పెరిగిపోతుందనీ, దాహం, వాంతులు, మలబద్ధకం, మతి తప్పడం అన్నీ దానివల్లేననీ, ముందు దెబ్బ తినేది మూత్రపిండాలేననీ గబగబా కొడుక్కి చెప్పారు. ఎవరి మీదా అరవలేదు. "కాల్షియం చూడలేదు మనం" అన్నారు. 'మీరు' అనలేదు, 'మనం' అన్నారు. ఆ మాట నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆటోని పంపేశారు. రక్తం తీసి ఊళ్ళో లాబొరేటరీకి పంపారు. మధ్యాహ్నం భోజనాలకి ముందే వాళ్ళు ఫోన్ చేశారు. కాల్షియం మరీ ఎక్కువొచ్చిందని అనుమానపడి రెండోసారి కూడా చేశామన్నారు. రెండుసార్లూ ఒకటే.

సెలైన్ ఆపలేదు, పెరిగిన కాల్షియాన్ని కడిగేసేది అదే. ఒక విధంగా ఆ సెలైనే ఆవిణ్ణి అంతమాత్రం మాట్లాడించింది, అది చేస్తున్న పని మాకు తెలియకపోయినా. మిగతా మందులు మొదలుపెట్టారు. సాయంత్రం కొడుకు ఇంటికి వెళ్ళి డబ్బా తెచ్చాడు. బిస్కెట్ల రేకు డబ్బా. అడుగున ఇంకా కొన్ని గోలీలున్నాయి. ఆ పూట ఇంటికి పంపేసి ఉంటే ఆవిడ వాటిని ఒక్క వారం తప్పకుండా వేసుకునేది. మతి లేని మనిషి కదా, ఎందుకు పోయిందని ఎవరూ అడిగేవారు కాదు.

ఆ రోజు అన్నాల దగ్గర మా ఆవిడ నన్ను ఒకటే మాట అంది. "బీరువా నిండా ఉన్న తెలుగు పుస్తకాలు చదివేరు. వారమంటే ఏవిటో మీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు."

"ఆ మాట నువ్వూ అన్నావు" అన్నాను.

"అందుకే కదా ఇద్దర్నీ కలిపి తిడుతున్నాను. పెరుగేసుకోండి."

ఎముకల డాక్టరు గారు ఊరి నుంచి వచ్చాక అందరం కూర్చున్నాం. తప్పు కవరు రాసినవాడిదా, చీటీ రాసినవాళ్ళదా, అడగకుండా పెట్టె అమ్మిన షాపుదా అని ఎవరో మొదలుపెట్టారు. ఆయన ఆపేశారు. "ముందు రేపటి కవరు మీద ఏం రాయాలో చెప్పండి" అన్నారు.

మామ్మ గారు కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ మందు కొవ్వులో దాక్కుంటుంది, తొందరగా వదలదు. అయితే మాట మాత్రం రోజురోజుకీ తేటపడుతూ వచ్చింది. ఒక పూట కుర్ర డాక్టరు గారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, వారానికొకటి అంటే ఏడు రోజులకొకటి అని ఆవిడకి నెమ్మదిగా చెప్పారు.

"సోమారం వారం కాదాండీ?" అంది ఆవిడ.

"అవును, కానీ..."

"మంగళారం?"

"అదీ వారమే."

"మరి నేనేం తప్పేసుకున్నాను? ఏడు రోజులకొకటి అని రాత్తే మీ సిరా అయిపోద్దా?"

డాక్టరు గారు నవ్వారు. కాసేపటికి నవ్వు ఆపి, "లేదమ్మా. అయిపోదు" అన్నారు.

ఇంకొన్నాళ్ళకి ఆవిడ కళ్ళజోడు అడిగింది. కొడుకు తెచ్చాడు, బైబిలు కూడా తెచ్చాడు. కానీ చేతికివ్వడానికి జంకాడు. మా ఆవిడ తీసుకుని ఇచ్చింది. మామ్మ గారు ఒక పేజీ తెరిచి వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. గొంతు బలహీనంగా ఉంది. ఒక వరస అయింది. వేలు కింది వరసకి దిగింది. అక్కణ్ణుంచి ఇంకో వరసకి. కొడుకు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు ఏడ్చాడు.

ఆ తరవాత మేం కవర్ల మీద "ఆదివారం మాత్రమే" అని రాయడం మొదలుపెట్టాం. చర్చికి వెళ్ళే రోజు కాబట్టి మరిచిపోరు అనుకున్నాం. మొదటి నెలలోనే ఒక రైతుల ఇంటి అత్తగారు కవరు వెనక్కిచ్చింది. "ఇది చర్చికెళ్ళేవాళ్ళదండీ. మాదివ్వండి" అంది. సరే, మీకే వారం వీలు అంటే శనివారమంది. అలాగే రాసిచ్చాను. మళ్ళీ నెల అవీ వెనక్కొచ్చాయి. గోలీ తొడుగు జంతువుల ఎముకలతో చేస్తారని మనవడు చెప్పాడట, శనివారం నీసు ముట్టదు. ఆఖరికి ఆవిడా ఆదివారానికే ఒప్పుకుంది. అప్పటినుంచి కవరు రాసే ముందు ప్రతి ఒక్కరినీ మీ వారం ఏది అని అడిగి, ఆ వారం పేరు రాసి, ఎలా వేసుకుంటారో వాళ్ళ నోటితో చెప్పించుకునేవాణ్ణి. లైను పెరిగేది. నా కిటికీ కూడా రాజోలు బస్సయిందని ఎముకల డాక్టరు గారు అన్నారు.

మామ్మ గారికి గోలీలు పూర్తిగా మాన్పించారు. కొన్నాళ్ళు ఎండ కూడా వద్దన్నారు. రక్తం పరీక్షలన్నీ మామూలుకి వచ్చాక ఎముకల డాక్టరు గారు కొడుకుతో, "ఎండకి ఈ బాధ లేదు మాస్టారూ. ఒంటికి కావలసినంత తయారయ్యాక చర్మమే ఆపేస్తుంది" అన్నారు. ఆ తరవాత ఒకసారి మేం ఆ ఊరు వెళ్ళేసరికి, వాళ్ళ ఇంటి ముందు పొద్దుటి ఎండలో ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద మామ్మ గారు, ఒళ్ళో బైబిలు. గేటు తీసే ఉంది.

"ఊరేమంటోంది మాస్టారూ?" అంది మా ఆవిడ.

"అంటోందండీ. అననీండి" అన్నాడు. "శుక్రవారం చదివేది మళ్ళీ మా అమ్మేనండీ."

తరవాత మేమిద్దరం రిటైరయ్యాం. ఎముకల డాక్టరు గారు పెద్దవారై ఆసుపత్రి మూసేశారు. నిరుడు మా ఆవిడ పోయింది. జబ్బు సంగతి ఇక్కడ అక్కర్లేదు.

సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్ళకి మా ఇంట్లో, దుఃఖంలో ఉన్నవాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. చాలామంది వచ్చారు. ఒక్కొక్కరే లేచి మంచి మాటలు చెప్పారు. అన్నీ మంచి మాటలే. ఏవీ నాకు ఎక్కలేదు. మామ్మ గారు కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. బాగా వంగిపోయింది, కర్ర ఉంది. నా పక్క కుర్చీలో కూర్చుని, అందరి ప్రార్థనలూ వింది. జనం టీలు తాగుతుండగా నా వైపు తిరిగింది.

"బాబు గారూ, ఇవాళ ఏ వారం?"

చెప్పడానికి నోరు తెరిచాను. నాకు తెలియలేదు. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ రోజులన్నీ ఒకటిగానే ఉన్నాయి. మా చుట్టాలబ్బాయి ఒకతను వెనకనుంచి అందించబోయాడు. మామ్మ గారు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు నాన్నా. ఆయన్ని చెప్పనియ్యి."

నా మొహం వైపే చూస్తూ కూర్చుంది. తొందరపెట్టలేదు, మళ్ళీ అడగలేదు. పాలు పోసే అబ్బాయి పొద్దున్న ఏమన్నాడో, చర్చి గంట ఎప్పుడు విన్నానో వెతుక్కున్నాను. చాలాసేపు పట్టింది.

"శనివారం అండీ" అన్నాను.

"ఆయ్" అంది మామ్మ గారు.